సగం గుర్రాలు శాలలోనే

శృంగవరపుకోట దాటి కాశీపట్నం వచ్చేసరికి రోడ్డు కొండెక్కడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి అనంతగిరి మీదుగా గాలికొండ దాకా మలుపు మీద మలుపు. విశాఖ నుంచి అరకు వెళ్లే ప్రతివాళ్లకీ తెలిసిన దారే. ఆ దారిలో, టైడా దాటాక ఒక మలుపులో, మా మారుతి 800 ఆగిపోయింది. ఏదో విరిగిపోయి కాదు, శక్తి చాలక. లోపల ఐదుగురం, డిక్కీలో రెండు సూట్‌కేసులు, పులిహోర క్యారేజీ, పైగా ఏసీ. మూడో గేరులో ఊగి ఊగి ఇంజిన్ కన్నుమూసింది. వెనకే ఆర్టీసీ బస్సు. డ్రైవరు హారన్ కూడా కొట్టలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది. వెనక సీట్లోంచి మా బావమరిది, "బావా, దిగి తొయ్యమంటావా, నడుచుకుంటూ పైకెళ్లి కాఫీ చెప్పమంటావా?" అన్నాడు.

ఆ మాట రెండేళ్లు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రెండేళ్లలో ఆ చిన్న ఇంజిన్‌కి బలం పెంచాలని చెయ్యని పని లేదు, పెట్టని ఖర్చు లేదు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ ఇంజిన్‌లో ఉన్న బలంలో సగం మేం ఏనాడూ వాడలేదు. కొంత పాడై పోయింది, మిగిలింది మా కాలు అడగలేదు. చిన్న కార్లకి "పవర్ పెంచుతాం" అనే వ్యాపారమంతా ఈ సంగతి మనకి తెలియకపోవడం మీదే నడుస్తోందని నా వాదన.

మాది 1997 మోడల్, కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే పాత పద్ధతి పరికరం) బండి. నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఈ కారు ఎక్కని తెలుగువాళ్లు తక్కువే గానీ, బానెట్ ఎత్తి ఇది ఎంత చిన్నదో చూసినవాళ్లూ తక్కువే. మూడు సిలిండర్లు. ఒక్కొక్క దాని లోపలి వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 72 మిల్లీమీటర్లు. గుణిస్తే 796 సీసీ. దాన్నే 800 అని పిలుచుకున్నాం. ఐదు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర సుమారు 37 హార్స్‌పవర్. ఈ రోజు కొన్ని మోటార్‌సైకిళ్లకే అంతకంటే ఎక్కువుంది. కానీ బండి బరువు 650 కిలోల చుట్టుపక్కలే కాబట్టి బతికిపోయింది.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పనులు చెప్పేస్తాను.

మొదటిది కోన్ ఫిల్టర్, అంటే కంపెనీ గాలి ఫిల్టర్ బదులు బిగించే శంకువు ఆకారపు ఫిల్టర్. ఒక యాక్సెసరీస్ షాపాయన, "సార్, ఇది వేస్తే బండికి ఊపిరాడుద్ది, ఎనిమిది పది గుర్రాలు గ్యారంటీ" అన్నాడు. ఊపిరి అనే మాట వినగానే నాకు పనైపోయింది. మనిషికి పనికొచ్చేది ఇంజిన్‌కి పనికిరాదా! కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా చూడ్డానికి నాసిగా ఉంటుంది గానీ, దాని ముక్కు బయటి గాలి పీల్చేలా పెట్టి ఉంటుంది. నేను బిగించిన కోన్ మాత్రం మసలుతున్న ఇంజిన్ పక్కనే కూర్చుని ఆ వేడిగాలి తాగుతోంది. వేడిగాలి పలచన. పలచటి గాలిలో ఆక్సిజన్ తక్కువ. దానికి తోడు కార్బురేటర్ జెట్లు, అంటే పెట్రోలు వదిలే సన్నటి రంధ్రాలు, పాత డబ్బాకి తగ్గట్టు అమర్చినవి. దాంతో గాలికీ పెట్రోలుకీ లెక్క తప్పింది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం బండి ఆలోచించుకునేది. చప్పుడు మాత్రం, నిజం చెప్పొద్దూ, భలే ఉండేది.

రెండోది లావు పైపు సైలెన్సర్. దాని గురించి ఎక్కువ చెప్పను. చిన్న ఇంజిన్‌కి మరీ లావు పైపు పెడితే పొగ వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఉండే కాస్త లాగుడూ పోతుంది. పక్కింటి పాప పరీక్షలప్పుడు వాళ్ల నాన్న వచ్చి మర్యాదగా అడిగేదాకా అది బండికే ఉంది.

మూడోది అల్లాయ్ వీల్స్. కంపెనీ ఇచ్చింది 145/70 సైజు 12 అంగుళాల టైరు. నేను 155/65 సైజు 13 అంగుళాలది ఎక్కించాను. బండి అందంగా నిలబడింది. కానీ లెక్క చూడండి: పాత చక్రం ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు, కొత్తది 532 దాకా. దాదాపు 5 శాతం పెద్దది. అంటే ప్రతి గేరూ 5 శాతం బరువెక్కినట్టే. ఇంజిన్ అదే బలంతో తిప్పినా రోడ్డు మీద తోపు 5 శాతం తగ్గుతుంది. పవర్ పెంచుదామని బయల్దేరినవాణ్ని, డబ్బిచ్చి మరీ తగ్గించుకున్నాను.

ఆ షాపులో "ఎనిమిది పది గుర్రాలు" అన్న మాట విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎందుకో చెప్తాను. 2000 సంవత్సరంలో మారుతి వాళ్లే ఈ 800కి ఐదు గేర్ల మోడల్ ఒకటి తెచ్చారు. అదే 796 సీసీ. కానీ సిలిండర్‌కి రెండు వాల్వుల బదులు నాలుగు, మొత్తం పన్నెండు. కార్బురేటర్ పోయి, పెట్రోలుని కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అన్నీ చేస్తే వచ్చింది 45 హార్స్‌పవర్. తర్వాత 2012లో ఆల్టో 800 వచ్చినప్పుడు అదే 796 సీసీ నుంచి 48 దాకా లాగారు. మొదటి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబర్‌లో. అంటే జపాన్‌లో సుజుకీ ఇంజినీర్లు, ఇక్కడ మారుతి ఇంజినీర్లు, వాళ్ల ల్యాబులు, వాళ్ల టెస్ట్ బెంచీలు, అందరూ కలిసి దాదాపు ముప్ఫై ఏళ్లు కష్టపడితే, గాలిని బలవంతంగా లోపలికి పంపే టర్బో లేకుండా ఈ సైజు ఇంజిన్‌కి పెరిగింది పదకొండు గుర్రాలు. అంత బలాన్ని మూడు వేల రూపాయల దూది ఫిల్టర్ ఇస్తుందా? ఇచ్చేటట్టయితే కంపెనీ వాడే అది వేసి, వెనకాల ఒక స్టిక్కర్ అంటించి, ఇరవై వేలు ఎక్కువకి అమ్మేవాడు కాదా?

ఇదంతా అయ్యాక గాజువాక ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాను. బోర్డు కూడా లేని షెడ్డు. ఆయన నా ఫిల్టర్ కేసి, చక్రాల కేసి చూసి ఏమీ అనలేదు. బానెట్ ఎత్తి, ఫిల్టర్ ఊడదీసి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి నన్ను సీట్లో కూర్చోమన్నాడు.

"తొక్కండి బాబూ."

తొక్కాను.

"పూర్తిగా తొక్కండి."

"పూర్తిగానే తొక్కాను మేస్త్రిగారూ."

"నేదు. ఇంకా మూడో వంతు మూసే ఉంది. ఇలా వచ్చి చూడండి."

ఆయన మనిషిని సీట్లో కూర్చోబెట్టి నేనొచ్చి చూశాను. పెడల్ నేలకి ఆనినా, గాలిని వదిలే ఆ బటర్‌ఫ్లై రేకు పూర్తిగా తెరుచుకోవడం లేదు. రెండు కారణాలు. యాక్సిలరేటర్ కేబుల్ సాగిపోయి వదులైంది. రెండోది వింటే నవ్వుతారు: నాన్నగారు కింద వేయించిన మందపాటి రబ్బరు మ్యాట్. పెడల్ కింద అంగుళం దాకా అదే ఉంది. ఇన్నేళ్లుగా మేం ఫుల్లుగా తొక్కుతున్నాం అనుకున్నదల్లా ముప్పావు కూడా కాదు. ఘాట్ మీద ప్రాణం బిగబట్టి తొక్కిన ఆ తొక్కుడు అంతా మ్యాట్ మీదే.

తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టాడు. రెండు సిలిండర్ల కొలతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, మూడోదానిది బాగా కిందికి పడిపోయింది. టాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే మీటలు, చూస్తే ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుది గ్యాప్ లేకుండా బిగుసుకుపోయి ఉంది. వాల్వు పూర్తిగా మూసుకోక, మండాల్సిన గాలి సైలెన్సర్ దారి పడుతోంది. అంటే మాది మూడు సిలిండర్ల బండి కాదు, రెండున్నర. హెడ్ దింపి వాల్వ్ గ్రైండింగ్ చేయించాడు. టాపెట్లు కంపెనీ చెప్పిన కొలతకి సెట్ చేశాడు. ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, బాగా వెనక్కి పోయి ఉంటే సరిచేశాడు. బండిని జాకీ మీద లేపి వెనక చక్రాలు చేత్తో తిప్పి చూపించాడు. ఎడమ చక్రం తిరగనని మొండికేసింది. డ్రమ్ములో బ్రేకు పట్టేసి ఉంది. మేం ఒక చక్రానికి బ్రేకు వేసుకునే అరకు ఎక్కామన్నమాట.

పాత ఫిల్టర్ డబ్బా, పాత 12 అంగుళాల చక్రాలు మళ్లీ ఎక్కాయి. బిల్లు నా అల్లాయ్ వీల్స్ ఖరీదులో సగం కూడా కాలేదు. కొత్తగా ఒక్క గుర్రమూ రాలేదు, పారిపోయినవే ఇంటికొచ్చాయి.

అయినా నాకు తృప్తి లేదు. "పికప్ ఇంకా కొంచెం ఉంటే..." అని గొణిగాను. అప్పుడాయన తాళాలు తీసుకుని, "సింహాచలం కొండకి పోదాం పదండి" అన్నాడు. ఘాట్ రోడ్డు మొదట్లోనే రెండో గేరు వేసి, పెడల్ నేలకి ఆన్చి, అలాగే పట్టుకున్నాడు. ఇంజిన్ అరుస్తోంది. నా చెయ్యి నాకు తెలియకుండానే గేరు రాడ్ మీదికి వెళ్లింది. ఆయన ఆ చెయ్యి నెమ్మదిగా తీసేశాడు. బండి పైకి పరుగెత్తింది. పరుగెత్తడమే, వేరే మాట లేదు. పైకి వెళ్లాక ఆయన అన్న మాట: "బండికి బలం నేదని కాదు బాబూ. మీ కాలికే నమ్మకం నేదు."

ఇంటికొచ్చి లెక్క వేశాను. 37 హార్స్‌పవర్ అన్నది ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర మాట. ఈ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువగా ఉండేది 2500 దగ్గర: 59 న్యూటన్ మీటర్లు. కానీ పని జరిగే వేగం అంటే తిప్పే బలాన్ని తిరిగే వేగంతో గుణించాలి. 2500 దగ్గర గుణిస్తే వచ్చేది దాదాపు 21 హార్స్‌పవర్. అంతే. మిగతా పదహారు గుర్రాలు 2500కీ ఐదు వేలకీ మధ్య ఉన్నాయి. మేం ఆ వైపు ఎప్పుడూ వెళ్లలేదు. ఈ బండికి ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ లేదు, చెవే మీటరు. ఆ చెవికి మా ఇంట్లో నేర్పింది ఒక్కటే: శబ్దం పెరిగిందా, గేరు మార్చు.

ఇప్పుడు ఆ టైడా మలుపు. ఐదుగురితో, సామానుతో బండి ఒక టన్ను అనుకుందాం. నూరు మీటర్లకి ఎనిమిది మీటర్లు ఎక్కే వాలు అనుకుందాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 14 హార్స్‌పవర్ కావాలి. మూడో గేరులో 40 అంటే ఇంజిన్ ఆ 2500 ప్రాంతంలోనే ఉంటుంది. ఉన్న 21లో ఏసీ కంప్రెసర్ రెండు మూడు తింటుంది. గేర్‌బాక్సు తన వాటా తీసుకుంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, వంద మీటర్లకి ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో పదోవంతు పోయినట్టే. పాత కార్బురేటర్‌కి గాలి పలచబడిందని తెలియదు కాబట్టి అది పెట్రోలు మాత్రం ఎప్పట్లాగే పోస్తూ ఉంటుంది. మలుపులో వాలు ఇంకాస్త నిటారైతే చేతిలో మిగిలేది సున్నా. అదే 40 వేగంలో రెండో గేరు వేస్తే ఇంజిన్ నాలుగు వేల దగ్గర తిరుగుతుంది, ముప్ఫై పైచిలుకు గుర్రాలు అందుబాటులో ఉంటాయి. ఆ రోజు నా చెయ్యి గేరు ఒకటి తగ్గించి ఉంటే, వాల్వు పాడైన బండి కూడా ఎక్కేసేది.

ఇంతకీ మనం "పికప్" అనే మాటతో ఏం అడుగుతున్నామో చూడండి. కాలు అలవోకగా ఆన్చితే, గేరు మార్చకుండా, శబ్దం పెరగకుండా, బండి ముందుకి దూకాలి. అది పవర్ కాదు, తక్కువ ఆర్‌పీఎం దగ్గర టార్క్. పదిహేనేళ్ల కిందట ట్యాక్సీలుగా తిరిగిన 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌లకి రెండు వేల ఆర్‌పీఎం దగ్గరే 190 న్యూటన్ మీటర్లు ఉండేది. మా 800కి మూడింతలకి పైనే. ఆ బండ్లు తోలి వచ్చినవాళ్లకి చిన్న పెట్రోల్ కారు చచ్చుగా అనిపించడం సహజం. దానికి ఉపాయం లావు సైలెన్సర్‌లో లేదు. టర్బోలో ఉంది. ఈ రోజు మారుతిలోనే చూడొచ్చు: ఆల్టో కె10లో 998 సీసీ ఇంజిన్ 67 హార్స్‌పవర్ ఇస్తుంది, ఫ్రాంక్స్ టర్బోలో అదే 998 సీసీ 100 ఇస్తుంది. గాలిని పీల్చుకోమని వదిలెయ్యడానికీ, లోపలికి కుక్కడానికీ ఉన్న తేడా అది.

"అయితే టర్బో బిగించేద్దాం" అంటారు కుర్రాళ్లు. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఒకటి చెప్పాలి. 1986లో మనకి వచ్చిన గుండ్రటి మూతి మారుతి 800 నిజానికి జపాన్‌లో సుజుకీ ఆల్టో రెండో తరం. అదే ఒళ్లుతో 1987లో సుజుకీ వాళ్లు జపాన్‌లో "ఆల్టో వర్క్స్" అని ఒకటి దించారు. అక్కడి చట్టం ప్రకారం ఆ చిన్న కార్లకి అప్పట్లో 550 సీసీ హద్దు. మన ఇంజిన్‌కి స్వయానా తోబుట్టువైన మూడు సిలిండర్ల ఇంజిన్, 543 సీసీ, మనదానికన్నా చిన్నది. దానికి టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, వాల్వుల్ని నడిపే రెండు క్యామ్‌షాఫ్టులు, పన్నెండు వాల్వులు పెట్టి 64 హార్స్‌పవర్ తీశారు. ఇలా వదిలేస్తే ఈ పోటీకి అంతుండదని జపాన్ కంపెనీలన్నీ తమలో తాము ఆ 64నే హద్దుగా పెట్టుకున్నాయి. ఇది చదివిన రోజు నేను బయటికెళ్లి మా 800ని కాసేపు చూస్తూ నిలబడ్డాను. అన్నయ్య క్లాసు ఫస్టు అని తెలిసిన పిల్లాణ్ని చూసినట్టు.

కానీ ఆ 64 కోసం వాళ్లు ఇంజిన్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. ఇంగ్లండులో మినీ అనే చిన్న కారు కథా అంతే. 848 సీసీ, 34 హార్స్‌పవర్ ఉన్న మినీని 1961లో రేసు కార్లు తయారుచేసే జాన్ కూపర్ పూనికతో 997 సీసీకి పెంచి 55 చేశారు. దానితో పాటే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టారు. గుర్రాలు పెంచినవాడు కళ్లెమూ పెంచాడు. మన దగ్గర మారుతివాళ్ల పెద్ద కారు ఎస్టీమ్ ఇంజిన్ తెచ్చి 800లో కూర్చోబెట్టే మొనగాళ్లలో ఎంతమంది బ్రేకుల గురించి ఆలోచిస్తారో ఆ షెడ్లకి వెళ్లి చూడండి. పాత 800 టైరు అరచేతి వెడల్పు. దాని మీద రెండింతల బలం పెట్టి అరకు ఘాట్ దిగుతానంటే, ఆ బండిలో మాత్రం నేను ఎక్కను.

చట్టం సంగతి టూకీగా: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే ఏడు చేసిన సవరణతో ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. అవి లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి కావలసిన సాకు మనమే బిగించి ఇచ్చినట్టు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లలో మొదటివారు మా నాన్నగారే. "అలా అరిపిస్తే ఇంజిన్ పోతుందిరా." ఈ మాటలో కొంత నిజం ఉంది. చల్లటి ఇంజిన్‌ని పొద్దున్నే తీస్తూనే అరిపిస్తే అరిగిపోతుంది. ఆయిల్ వేడెక్కి అన్నిచోట్లకీ చేరాలి. టైమింగ్ బెల్టు పాతబడితే మార్చకుండా ఐదు వేలు తిప్పడం కోరి తెచ్చుకునే కష్టం. కానీ కొండ మీద పెద్ద గేరులో గొంతు నొక్కి లాగించడం అంతకంటే చేటు. అప్పుడు వినిపించే టకటక శబ్దం సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండుతున్న శబ్దం. మెల్లగా తిరుగుతున్న ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువ, పిస్టన్ మీద బరువు ఎక్కువ. అరుస్తున్న ఇంజిన్ని చూసి జాలిపడేవాళ్లం, ఆ మూలుగు ఎందుకు వినం?

రెండో మాట మైలేజీ. ఆయన ట్యాంకు నింపిన ప్రతిసారీ చిన్న డైరీలో రాసుకుంటారు, ఏళ్ల తరబడి లెక్కలున్న మనిషికి నేనేం చెప్పను! రెండో గేరులో ఎక్కితే పెట్రోలు కొంచెం ఎక్కువే అవుతుంది, దాచను. కానీ అరకు ఘాట్ ఎంత దూరమని? అక్కడ మిగిల్చే గ్లాసుడు పెట్రోలు కోసం మలుపులో ఆగి, వెనక బస్సుని ఆపి, హ్యాండ్‌బ్రేకు మీద క్లచ్ కాల్చుకోవడం ఏం పొదుపు?

ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయించే అలవాటున్నవాళ్లకి ఒక ముక్క. పాత 800 లాంటి తక్కువ కంప్రెషన్ ఇంజిన్ ఆ ఎక్కువ ఆక్టేన్‌ని, అంటే ఒత్తిడికి ముందే మండిపోకుండా ఆగే గుణాన్ని, వాడుకోలేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు వేరే తలనొప్పి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ బండిలో మిశ్రమం పలచనవుతుంది. కొత్త బండిలో సెన్సరు చూసి సరిచేస్తుంది, పాతదానికి ఆ సెన్సరు లేదు. మేస్త్రి మిక్చర్ స్క్రూ, జెట్లు మళ్లీ చూసి, రబ్బరు ట్యూబులు మార్చాక గానీ మా బండి కుదుటపడలేదు.

కిందటి డిసెంబర్‌లో మళ్లీ అదే ఐదుగురం, అదే దారి. పులిహోర క్యారేజీ కూడా. టైడా దాటాక ఏసీ ఆపి, ఆ మలుపుకి ముందే రెండో గేరు వేశాను. ఇంజిన్ అరిచింది. పక్కన నాన్నగారు పైన హ్యాండిల్ పట్టుకుని, "గేరు మార్చరా" అన్నారు. మార్చలేదు. "మార్చరా బాబూ, దాని ప్రాణం తీస్తున్నావు." మలుపు తిరిగాం. గాలికొండ దగ్గర బండి ఆపాక బావమరిది దిగి, ఈసారి ఏ వంకా దొరక్క, "సీట్లు మాత్రం ఇరుగ్గానే ఉన్నాయి బావా" అన్నాడు. నాన్నగారు బానెట్ మీద చెయ్యి వేసి వేడి చూశారు. ఏమీ అనలేదు.

నిన్న పొద్దున్న ఆయన్ని బ్యాంకుకి తీసుకెళ్దామని బండి తీస్తే యాక్సిలరేటర్ ఎక్కడో అడ్డు పడుతున్నట్టు అనిపించింది. వంగి చూశాను. నేను అటక మీద పడేసిన ఆ మందపాటి మ్యాట్ శుభ్రంగా కడిగి మళ్లీ వేసి ఉంది.